మా బావ ఎద్దుల పక్షం

మొన్న శనివారం ఇక్కడ సింగపూర్‌లో చాంగీ బిజినెస్ పార్కులో మా అమ్మాయి పనిచేసే కంపెనీవాళ్ళు కుటుంబాల పండగ అని ఒకటి పెట్టి, ఉద్యోగుల తల్లిదండ్రులను కూడా దయతలచి పిలిచారు. ఉచిత భోజనాన్ని కాదనేంత వైరాగ్యం నాకింకా రాలేదు కాబట్టి వెళ్ళాను. అక్కడ గాలి నింపిన పరుపుల నడుమ తోలు తొడిగిన యంత్రపు ఎద్దు ఒకటి నిలబడి ఉంది. దాని మీదికి మనిషిని ఎక్కించి, గడ్డి టోపీ పెట్టుకున్న ఒకాయన పక్కనుంచి మీట తిప్పుతాడు, ఎద్దు గిర్రున తిరిగి ఎత్తి కుదేస్తుంది, ఎనిమిది సెకన్లు పడకుండా ఆగినవాళ్ళకు గుడ్డబొమ్మ బహుమతి. "డాడ్, యూ ట్రై లా, సేఫ్ వన్" అని మా అమ్మాయి ఈ ఊరి ఇంగ్లీషులో అంటూ వెనకనుంచి తోసింది. నా నడుము గురించి డాక్టరు చెప్పినవన్నీ కొంచెం పెంచి చెప్పి తప్పించుకున్నాను గానీ, నిజానికి ఆ క్షణంలో నాకు నడుము గుర్తే లేదు. ఇరవై ఏళ్ళు దాటిపోయిన ఒక ఆదివారం మధ్యాహ్నమూ, నా పక్క కుర్చీలో భుజాన తుండుగుడ్డతో కూర్చున్న మా బావా గుర్తుకొచ్చి, చేతిలో ప్లేటు చల్లారిపోయేదాకా అక్కడే నిలబడిపోయాను.

మన తరంవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయని, విమానాలు రాలిపోతాయని ప్రపంచాన్ని భయపెట్టి, ఆ భయం మీద ఉద్యోగాలు సంపాదించుకున్నవాళ్ళం మనం. సంవత్సరానికి రెండంకెలున్నచోట నాలుగంకెలు పెట్టడమే నా విద్య. అందుకోసం మా నాన్న నన్ను ఇంజనీరింగు చదివించాడు. తీరా ఆ సంవత్సరం వచ్చింది, ఏమీ రాలిపడలేదు, అదంతా మా చలవేనని చెప్పుకుని, ఆ ఊపులోనే డాట్ కామ్ కంపెనీల్లోకి దూకాం. యీషున్‌లో మూడు గదుల ఫ్లాటులో నలుగురు బ్రహ్మచారులం ఉండేవాళ్ళం. హాల్లో కిటికీ పక్కన స్టూలు మీద ఒక టెలిఫోను ఉండేది. దాని నంబరు ప్రకాశం జిల్లాలో కొన్ని ఊళ్ళలో బస్సు టైముల కన్నా బాగా తెలుసు. తువాస్ ఓడల యార్డుల్లో పనిచేసే మనవాళ్ళకు డార్మిటరీలో వందమందికొక ఫోను, అదీ మోగితే ఎత్తేవాడుండడు. అందుకని మా వైపువాళ్ళందరి ఇంటి కబుర్లూ మా స్టూలు మీదికే వచ్చేవి. ఎవరికి ఏ కబురొచ్చినా ముందు వినేది నేను, అందులో ఎంత చెప్పాలో, ఏ రోజు చెప్పాలో తూచి చెప్పేది నేను. ఆ వయసులో దాన్నొక హోదా అనుకున్నాను.

మా అక్క భర్త, అంటే మా బావ, ఆ యార్డుల్లోనే ఓడల అడుగున తుప్పు గీకే పనిలో ఉండేవాడు. నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. ఆయనకు ఊళ్ళో ఒక జత ఒంగోలు ఎద్దులుండేవి, బండలాగుడు పోటీలకు మేపినవి. తెలియనివాళ్ళ కోసం చెప్పాలంటే, తిరునాళ్ళలో పెద్ద బండరాయికి ఎద్దుల జతను కట్టి, ఇచ్చిన గడువులో ఎన్ని అడుగులు లాగాయో కొలిచి బహుమతిచ్చే పోటీ అది. పందెపు ఎద్దులు ఇంట్లో ఉండటమంటే ఇద్దరు కొత్తల్లుళ్ళు ఏడాది పొడుగునా తిష్టవేసినట్టే. ఉలవలు ఉడకేసి పెట్టాలి, పత్తిచెక్క పెట్టాలి, ఒళ్ళు రుద్దాలి, నడిపించాలి, మెచ్చుకోవాలి. వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాక, వాటి మేతకు లోటు రాకూడదని ఆయన సముద్రం దాటాడు. రెండేళ్ళ పర్మిట్టు, అది అయిపోగానే ఇంటికెళ్ళి శివరాత్రి తిరునాళ్ళలో జతను దింపాలి. అంతకు మించి ఆయనకు ప్రణాళికలు లేవు. ఎద్దుల మేత కోసం మనిషి వచ్చి ఓడలకు తుప్పు గీకడమేమిటి బావా అని నేను నవ్వితే, "నువ్వు అంకెలు గీకడంలా? అట్టాగే" అనేవాడు.

ఆదివారం పొద్దున్నే కంపెనీ లారీలో బూన్ లే స్టేషను దాకా వచ్చి, అక్కణ్ణుంచి రైలు పట్టుకుని యీషున్ చేరేవాడు. సరిగ్గా పది గంటలకు మా అక్క పక్క ఊరి ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేసేది. కాడికి కుడివైపు కట్టే ఎద్దును వలపటదనీ, ఎడమవైపు కట్టేదాన్ని దాపటదనీ అంటారు కదా, మా బావ మొదటి ప్రశ్న వలపటది మేస్తోందా అని, రెండో ప్రశ్న దాపటది మేస్తోందా అని. మా అక్క ఆరోగ్యం మూడో ప్రశ్న. "మూడో నంబరైనా నాది ఖాయం, మీ అమ్మది నాలుగు" అని అక్కే నవ్వేది. ఆ నవ్వు రిసీవరు దాటి హాల్లో మా అందరికీ వినబడేది. వాళ్ళమ్మాయి ఒంగోలు హాస్టల్లో చదువుకునేది, ఇంట్లో మా అక్కా, కళ్ళు సరిగా కనబడని అత్తగారూ, ఆ రెండు ఎద్దులూ.

ఒక బుధవారం పొద్దున నేను టై కట్టుకుంటుండగా ఫోను మోగింది. బుధవారం నాడు మా అక్క ఫోను చేయడం అంతకుముందెప్పుడూ లేదు. ముందురోజు దాపట ఎద్దును కుడితికి విప్పుతుంటే, అది జోరీగను తోలుకోవడానికి తల విసిరిందట. కొమ్ము అక్క ఎడమ భుజానికి తగిలి, ఆవిడ వెళ్ళి కుడితి గోలెం అంచు మీద పడిందట. దానికి కోపమేమీ లేదు, తప్పంతా జోరీగదేనని ముందు ఎద్దు తరఫున వాదించి, ఆ తర్వాత తన సంగతి చెప్పింది. చెయ్యి పైకి లేవడం లేదు, పక్క ఊరి కట్లాయన పసరు వేసి బద్దలు కట్టాడు, నెల రోజులు కదపొద్దన్నాడు. పట్నం ఆసుపత్రికి వెళ్ళమన్నాను. కనబడని మనిషినీ, కట్టేసిన పశువులనూ ఎవరి మీద వదిలేసి వెళ్ళమంటావని అడిగింది.

"మీ బావకు చెప్పమాక, నా మీద ఒట్టు. చెప్తే ఉన్నపాటున ఊడిపడతాడు" అంది. పర్మిట్టు మధ్యలో వదిలి వెళ్ళినవాణ్ణి యార్డువాళ్ళు మళ్ళీ పిలవరని ఆవిడకు ఎవరో చెప్పారట. ఎవరో ఏమిటి, నేనే చెప్పాను. అయితే ఒంటిచేత్తో ఆ జతను మేపడం తన వల్ల కాదు, ఎలాగో ఒకలాగ వాటి అమ్మకానికి నువ్వే ఆయన్ని ఒప్పించాలి అని నా మీద భారం పెట్టింది. నువ్వు చదువుకున్నోడివి, నీ మాటంటే ఆయనకు గురి అని కూడా అంది. అంటే ఏ ఒక్క కారణం చెబితే మా బావ మారుమాట లేకుండా ఎద్దుల్ని అమ్మేస్తాడో, ఆ ఒక్కటీ దాచిపెట్టి ఆయన చేత అమ్మించాలన్నమాట. ఇలాంటి పని ఆఫీసులో ఎవరైనా అప్పగిస్తే కుదరదని ఆ పూటే రాసిచ్చేవాణ్ణి. అక్కకు మాత్రం సరేనన్నాను.

రెండు ఆదివారాలు ప్రయత్నించాను. ఆడమనిషి ఒక్కతే, పందెపు పశువులు, కాలం బాగాలేదు అని చుట్టూ తిప్పి మొదలుపెట్టడం, ఆయన లేచివెళ్ళి పప్పులో పోపు వేయడం. మా ఫ్లాటు చరిత్రలో అంత బాగా పోపు పడిన పప్పు ఆ రెండు వారాలే తిన్నాం.

అప్పుడు ఊళ్ళోకి రోడియో వచ్చింది. ఆస్ట్రేలియా నుంచి గుర్రాలను, ఎద్దులను ఓడలో తెచ్చి, కౌబాయ్‌లు వాటి మీద స్వారీ చేసి పోటీలు పడతారని రైళ్ళలో, బస్టాపుల్లో రంగురంగుల బొమ్మలు వేశారు. మా గదిలో హైదరాబాదు మిత్రుడొకడు ఉండేవాడు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, మాతో తెలుగు, ఆఫీసులో ఏదీ సరిగా రాదనేవాడు. వాళ్ళ కంపెనీయే ఆ ప్రదర్శనకు టిక్కెట్లు అమ్మే ప్రోగ్రాము రాసింది కాబట్టి, కృతజ్ఞతగా వాడికి మూడు టిక్కెట్లు ఇచ్చారు. తీరా వెళ్ళి చూస్తే మూడు సీట్లూ స్తంభం వెనక. సీట్లు కేటాయించే భాగం రాసింది వాడే.

బావను అక్కడికి తీసుకెళ్ళడంలో నాకొక ఎత్తుగడ ఉందని ఒప్పుకోవాలి. ఎద్దుల్ని చూస్తే ఆయన మనసు మెత్తబడుతుంది, మెత్తబడ్డప్పుడు అమ్మకం మాట ఎత్తవచ్చు. ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, భుజాన తుండుగుడ్డతో వచ్చాడు. ఎద్దుల పందేనికి తుండుగుడ్డ లేకుండా ఎట్టా పోతారని నన్నే వింతగా చూశాడు. హాలంతా ఏసీ, నేలంతా ఇసుక, పాప్‌కార్న్ వాసన. చల్లటి గదిలో ఎద్దుల పోటీ పెట్టారంటే పశువుల మీద వీళ్ళకెంత గౌరవమో అని మొదట మురిసిపోయాడు. గుర్రాల స్వారీ మర్యాదగా చూశాడు. పరిగెత్తే దూడకు తాడు విసిరి పడేసి కాళ్ళు కట్టేశారు, అది చూడలేక తల తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఎద్దులొచ్చాయి.

చెక్క తలుపు తెరుచుకుని, మీద మనిషితో ఎద్దు బయటికి దూకింది. దాన్ని తోలే రైతేడని బావ అడిగాడు. ఎవరూ తోలరు, దాని వీపున ఒంటిచేత్తో తాడు పట్టుకుని ఎనిమిది సెకన్లు కూర్చోవాలి అన్నాను. ఎందుకు అన్నాడు. నా ఇంజనీరింగులో అది చెప్పలేదు. మేం మాట్లాడుకుంటుండగానే మూడో సెకనులో ఆ మనిషి గాల్లోకి లేచి ఇసుకలో పడ్డాడు. హాలంతా అయ్యో అంది. మా బావ ఒక్కడూ స్తంభం పక్కకు వంగి లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టి, తిరునాళ్ళలో వేసే ఈల ఒకటి వేశాడు. ముందు వరసలో చీనా కుటుంబం మొత్తం తాతగారితో సహా వెనక్కి తిరిగింది.

"అరె భాయ్, నీ బావ ఎద్దుకు చప్పట్లు కొడ్తుండు!" అని మా మిత్రుడు నా చెవిలో మొత్తుకున్నాడు.

నేను బావ చొక్కా పట్టుకుని లాగి, గెలవాల్సింది మనిషి అని చెప్పాను.

"పడ్డోడు గెలవడమేందిరా? కనబడతంలా?" అన్నాడు.

ఆ తర్వాత ఆయన్ని ఆపడం నా తరం కాలేదు. టిక్కెట్టు వెనక ఎద్దుల లెక్క రాసుకోవడం మొదలుపెట్టాడు: ఎర్రది, మచ్చలది, మొండికొమ్ములది. ఒక ఎద్దు మీద ఎవరో ఎనిమిది సెకన్లూ కూర్చోగలిగితే హాలు హోరెత్తిపోయేది, మా బావ మాత్రం నాలుక చప్పరించి దాని పేరెదురుగా సున్నా చుట్టేవాడు. టార్చిలైటు పట్టుకున్న ఆంటీ ఒకామె రెండుసార్లు వచ్చి, "అంకుల్, సిట్ డౌన్ లా! బిహైండ్ కెనాట్ సీ!" అని గదమాయించింది. అంకుల్ అన్నందుకు ఆయన ఆమెకు నమస్కారం పెట్టి కూర్చున్నాడు, ఇంకో ఎద్దు రాగానే మళ్ళీ లేచాడు. రోడియోలో సగం మార్కులు ఎద్దువేనని, అది ఎంత బాగా ఎగిరితే అంత గొప్పని చాలాకాలం తర్వాత తెలిసింది. ఆ రోజు అంత పెద్ద హాల్లో ఆట సగమైనా అర్థమైనవాడు మా బావ ఒక్కడేనేమో.

అయితే కాసేపటికి ఆయన చప్పట్లు తగ్గాయి. ముందుకు వంగి ఎద్దు వెనక భాగాన్నే చూస్తున్నాడు. పొట్టకు వెనకగా, తొడల ముందు ఒక పట్టీ బిగించి కట్టారు. మనిషి పడిపోయాక ఎవరో వచ్చి ఆ పట్టీ వదులు చేయగానే ఎద్దు ఎగరడం మానేసి, ఏమీ జరగనట్టు నిలబడిపోతోంది. "ఇది పౌరుషం కాదురా," అన్నాడు మెల్లగా, "ఇబ్బంది."

ఇంకొకటి కూడా ఆయనకు మింగుడుపడలేదు. మా వైపు బండ లాగి వచ్చిన ఎద్దుల చుట్టూ పదిమంది చేరతారు. ఒకడు నీళ్ళు కొడతాడు, ఒకడు తుండుగుడ్డతో చెమట తుడుస్తాడు, రైతు వచ్చి మూపురం మీద చెయ్యేసి నిలబడితేగాని ఆ పోటీ పూర్తయినట్టు కాదు. ఇక్కడ మైకులో పడ్డవాడి పేరే చదివారు, పడేసిన దానికి పేరే లేదు. ముగ్గుర్ని వరసగా పడేసిన బూడిదరంగు ఎద్దు ఒకటి తలుపు ఎటుందో తనే వెతుక్కుని, తల వంచుకుని తనే వెళ్ళిపోయింది. దాని రైతు ఇప్పుడొస్తాడు, ఇప్పుడొస్తాడని మా బావ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆట అయ్యాక ఆ బూడిదదాన్ని దగ్గర్నుంచి చూసిగాని రానన్నాడు. మా మిత్రుడు కంపెనీ కార్డు మెడలో వేసుకుని, కంప్యూటరు బాగు చేయాలని కాపలా ఆయనకు చెప్పి, వెనకవైపున్న పశువుల దొడ్డికి తీసుకెళ్ళాడు. కంప్యూటరు బాగుచేయడానికి తుండుగుడ్డతో వచ్చిన ఇంజనీరును చూసి కాపలా ఆయన ఏమనుకున్నాడో తెలియదు. ఇనుప కమ్మీల వెనక ఆ ఎద్దు నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళేసరికి మా బావ చెప్పులు విడిచేశాడు. దానికి నిండైన మూపురం, మెడకింద మోకాళ్ళదాకా వేలాడే గంగడోలు. "ఒరే, ఇది మన గొడ్డేరా! మన సంతతే!" అన్నాడు. మన ఒంగోలు జాతిని తెల్లవాళ్ళు ఎప్పుడో ఓడల్లో పట్టుకెళ్ళి పెంచారన్న మాట నేనూ విన్నదే గానీ, చుట్టరికం అలా కళ్ళముందు నిలబడటం అదే చూడటం. హో, హో, దా నాయనా అని బండ దగ్గర పిలిచే పిలుపు పిలిచాడు. ఇంగ్లీషు మీడియం ఎద్దు, ఉలకలేదు. అప్పుడు కమ్మీల్లోంచి చెయ్యిపెట్టి గంగడోలు కింద గోకాడు. ఎద్దు మెల్లగా మెడ చాచి, గడ్డం ఆయన ముంజేతి మీద ఆనించి కళ్ళు మూసుకుంది. తన తుండుగుడ్డతో దాని మొహం మీది ఇసుకంతా తుడిచాడు.

పశువులు చూసుకునే ముసలి ఆస్ట్రేలియా ఆయన గడ్డిమోపు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు, అడ్డు చెప్పలేదు. ఇవి మళ్ళీ ఓడెప్పుడు ఎక్కుతాయో, ఇంటికెప్పుడు పోతాయో అడగమన్నాడు బావ. నేను ఇంగ్లీషులో అడిగాను. ముసలాయన టోపీ తీసి, బుర్ర గోక్కుని, నేల చూస్తూ చెప్పాడు. బయటి దేశానికి వచ్చిన పశువును రోగాల భయంతో మళ్ళీ అక్కడికి రానివ్వరట. వచ్చేవారం ఆటలు అయిపోయాక ఇక్కడే కోతకు వెళ్ళిపోతాయట.

తెలుగులోకి మార్చవలసినవాణ్ణి నేను. వచ్చేవారం వెళ్ళిపోతాయట బావా అని చెబితే సరిపోయేది, అది అబద్ధం కూడా కాదు. కానీ నాకు నాలుక మీద ఎప్పుడూ ఒక జోకు సిద్ధంగా ఉండేది, దానికి తోడు నా పని ఒకటి మిగిలి ఉంది. "వీటికి వన్‌వే టిక్కెట్టే బావా. కోతకే" అన్నాను. అనేశాక, ఇదే సమయమని, ఇంత బలమైన ఎద్దుల గతే ఇదైతే మన జతను వయసులో ఉండగానే మంచి చేతుల్లో పెట్టడం మేలు కదా అని కూడా అన్నాను. ఆయన చెయ్యింకా ఎద్దు గడ్డం కిందే ఉంది. ఒక మనిషిని ఒప్పించడానికి ఎంత అనువైన ఘడియ చూసుకున్నానో, ఇప్పుడు తలుచుకుంటే ఆ తెలివికి నాకే భయమేస్తుంది.

మా మిత్రుడు యీషున్ వెళ్ళిపోయాడు, నేను బావతో బూన్ లే దాకా వెళ్ళాను. ఇంకా మూడు స్టేషన్లుందనగా ఆయన కిటికీలోంచి చూస్తూ అడిగాడు, "మీ అక్క ఏమంటంది?"

చెప్పవలసినది నోటిదాకా వచ్చింది. ఒట్టు గుర్తొచ్చింది. పర్మిట్టుకింకా ఏడెనిమిది నెలలుంది, కట్టు విప్పాక అంతా సర్దుకుంటుంది, అప్పుడు తీరిగ్గా చెప్పవచ్చు అనుకున్నాను. "నీ ఇష్టమే తన ఇష్టం అంది బావా" అన్నాను.

స్టేషను బయట వాళ్ళ లారీ నిలబడి ఉంది. ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "అమ్మేయమను. జతను విడదీయొద్దు. లాగించేవాడికే ఇయ్యమను, కోతకు తోలేవాడికి కాదు" అన్నాడు. లారీ తువాస్ వైపు కదిలింది. అప్పగించిన పని పూర్తి చేసిన ఉద్యోగిలా తేలిగ్గా ఊపిరి పీల్చుకుని నేను యీషున్ రైలెక్కాను.

మా అక్క ఆయన మాట ప్రకారమే పందేలవాళ్ళకే, జతగానే ఇచ్చింది. ఆ తర్వాతి ఆదివారం పది గంటలకు ఫోను మోగింది. బావ రిసీవరు తీసుకుని ఊరికే పట్టుకున్నాడు. మొదటి ప్రశ్న లేదు, రెండో ప్రశ్న లేదు, మూడో ప్రశ్నతో మాట మొదలుపెట్టడం ఆయనకు అలవాటు లేదు. అవతల అక్క నవ్వుతుందేమోనని నేను చెవి ఒగ్గాను. నవ్వలేదు. తింటున్నారా అంటే తింటున్నా, వానలా అంటే లేవు, అంతే. పోనుపోను ఆదివారాలు రావడం తగ్గించాడు, ఓవర్‌టైమ్ ఉందనేవాడు. ఆ సంక్రాంతికి వేరే ఊరి పేరు మీద ఆ జత మొదటి బహుమతి కొట్టిందని ఎవరో చెబితే, మైకులో పేరు ఎవరిది చదివితే ఏముందిరా, లాగింది అవేగా అని ఊరుకున్నాడు.

పర్మిట్టు అయిపోయే నెలలో, ఇంటికి పోతాడని మేమంతా పెట్టెకు తాళ్ళు వెతుకుతుంటే, ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టి వచ్చాడు. ఇదేమిటి బావా అన్నాను. "కొట్టం ఖాళీ. ఇప్పుడు పోయి ఏం జెయ్యాల?" అన్నాడు. అక్కకు ఆ మాట చెప్పవలసి వచ్చింది నేనే. "గొడ్లు లేకపోతే మనిషి నిశ్చింతగా వస్తాడనుకున్నా తమ్ముడూ. నిశ్చింతగా ఉండిపోయాడు" అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. నీ పెళ్ళాం చెయ్యి లేవడం లేదు, అందుకే అమ్మించాను అని ఒక్క ముక్క చెబితే ఆ సంతకం కొట్టేయించి వెళ్ళిపోయేవాడు. భుజమెలా ఉందని అక్కను అడిగితే తగ్గిందిలే అనేది. తగ్గిందని నమ్మడం నాకూ సుఖంగా ఉండేది. ఆలోగా డాట్ కామ్ బుడగ పగిలింది, మా కంపెనీకి తాళం పడింది, ముగ్గురు రూమ్మేట్లు మూడు దిక్కులకు పోయారు, కొత్త ఉద్యోగం వెతుక్కునే హడావుడిలో నా కష్టమే లోకంలో పెద్ద కష్టంగా కనబడింది. ఇవి కారణాలని చెప్పడం లేదు. జరిగిన వరస చెబుతున్నాను.

ఆ రెండేళ్ళూ పూర్తి చేసుకుని మా బావ ఊరెళ్ళాడు. గుమ్మంలో అక్క కాళ్ళకు నీళ్ళిచ్చింది, చెంబు కుడిచేత్తో పట్టుకుని. ఆయన భుజాన ఉన్న సంచీ తీసి అందించాడు. ఆవిడ చెంబు కిందపెట్టి, మళ్ళీ అదే చేత్తో సంచీ అందుకుంది. రెండో చెయ్యి ఏమైందని ఆయన అడిగాడు. మర్నాడే ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఎముక వంకరగా అతుక్కుపోయిందని, దెబ్బ తగిలిన రోజుల్లో తెచ్చి ఉంటే సరిచేసేవాళ్ళమని, ఇప్పుడు చేయగలిగింది లేదని డాక్టరు చెప్పాడట. వారం తర్వాత ఆదివారం పది గంటలకు నాకు ఫోను వచ్చింది, అదే బూత్ నుంచి. తిడతాడని సిద్ధపడ్డాను, నిజం చెప్పాలంటే తిడితే బాగుండుననుకున్నాను. ఆయన ఒకటే మాటన్నాడు.

"చెప్పుంటే వచ్చేవాణ్ణి కదరా."

నేను అక్క ఒట్టు గురించి మొదలుపెట్టేసరికి లైను తెగిపోయింది. ఆయనే పెట్టేశాడో, నిజంగానే తెగిందో నాకీరోజుకీ తెలియదు. ఆయన మళ్ళీ తువాస్ రాలేదు. ఎద్దుల్ని కొనలేదు. తిరునాళ్ళకు వెళ్ళడం మానేశాడని అక్క చెప్పింది.

ఇప్పుడు రైల్లో వెళుతుంటే యార్డుల్లో పనిచేసే మనవాళ్ళు కనబడతారు, అరచేతిలో ఫోను ఎత్తిపట్టుకుని ఇంటావిడతో మాట్లాడుతూ, గేదె ఈనిందా, ఏది చూపించు, అని. ఆవిడ ఫోనును గేదె దాకా నడిపించుకుని వెళుతుంది. వాడి పక్కన కూర్చున్న నాకు కూడా దూడ కనబడుతుంది. ఇళ్ళకూ మనుషులకూ మధ్య ఇప్పుడు ఏ ఫ్లాటూ లేదు, ఏ స్టూలూ లేదు, ఎంత చెప్పాలో తూచేవాడెవడూ లేడు. మేం రాసిన ప్రోగ్రాములన్నీ ఎప్పుడో చెత్తబుట్టలో పడ్డాయి గానీ, ఈ ఒక్క మంచిపని మా తరం కంప్యూటరువాళ్ళ ఖాతాలోకి కాస్తయినా రావాలని నాకు ఆశ. ఇరవై ఏళ్ళు ముందు వచ్చి ఉంటే బాగుండేది.

మా అక్క ఇప్పుడు వారానికి రెండుసార్లు వీడియోలో కనబడుతుంది. మాటలయ్యాక చెయ్యి ఊపుతుంది, కుడిచెయ్యి. వెనకాల వరండాలో మా బావ ఆవిడ కోసం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుని ఉంటాడు. రెండు చేతులు కావలసిన పనులన్నీ ఇన్నేళ్ళుగా ఆయనే చేస్తున్నాడు. నన్ను చూసి తలెత్తి, బాగున్నావా బామ్మర్దీ అంటాడు. నేను అలవాటు కొద్దీ ఏదో ఒక జోకు వేస్తాను. ఆయన నవ్వుతాడు. ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వులో నాకు క్షమ ఉందో లేదో ఫోను దగ్గరికి పెట్టుకుని చూస్తాను, చూస్తుండగానే ఆయన తల వంచుకుని మళ్ళీ చిక్కుడుకాయలు అందుకుంటాడు.